పాత అంబాసిడర్ ఏసీ: గ్యాస్ కొట్టడం ఆఖరి పని

ప్రశ్న అడిగినవారిది కడప. వాళ్ల నాన్నగారి బండి 1986 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్. 1991లో డ్యాష్‌బోర్డు కింద వేలాడే ఏసీ పెట్టించారట. ఈ ఎండాకాలం రెండుసార్లు గ్యాస్ కొట్టించినా చల్లదనం మూడు వారాలు దాటలేదు. పైగా ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. మూడోసారి గ్యాస్ కొట్టించాలా, కొత్త గ్యాస్‌కి మార్చాలా, లేక అంతా పీకేసి మారుతి కారు ఏసీ ఎక్కించాలా అని అడిగారు.

నేను అనంతపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా కార్ల ఏసీ పనే చేస్తున్నాను. మొదట్లో అంబాసిడర్లు, ఫియట్లే వచ్చేవి. ఇప్పుడు ఏడాదికి నాలుగైదు వస్తాయి, అవీ ఇలా నాన్నగారివో తాతగారివో.

ముందు సూటిగా చెప్తాను. మూడోసారి గ్యాస్ కొట్టించొద్దు. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. లోపల అదే గ్యాస్ ఆవిరవుతూ, మళ్లీ ద్రవమవుతూ తిరుగుతుంటుంది. మూడు వారాల్లో అయిపోయిందంటే ఎక్కడో కారిపోతోంది. మీ మెకానిక్కుకి అది తెలియక కాదు. "ముందు గ్యాస్ కొట్టు అన్నా, ఊరికి పోవాల" అని మనమే తొందరపెడతాం, ఆయన కొట్టి పంపిస్తాడు. నా దగ్గరా జరిగింది చాలాసార్లు.

లీకు వెతకడం మొదట కళ్లతోనే. గ్యాస్‌తో పాటు దాన్ని ఒత్తి తిప్పే పంపు, అంటే కంప్రెసర్, దాని ఆయిల్ కూడా తిరుగుతుంటుంది కాబట్టి గ్యాస్ ఎక్కడ కారితే అక్కడ సన్నగా జిడ్డు పడుతుంది. మన దుమ్ముకి ఆ జిడ్డు దొరికితే వదలదు. ఇంజన్ అంతా పొడి దుమ్ముతో ఉండి, ఒక్క జాయింటు దగ్గర మాత్రం నల్లగా ముద్దకట్టి ఉంటే అదే మీ దొంగ. ఈ వయసు బండ్లలో నాకు ఎక్కువగా దొరికేవి మూడు చోట్లు. కంప్రెసర్ ముందు వైపు, దాన్ని బెల్టుకి కలిపే క్లచ్ వెనక ఉండే షాఫ్ట్ సీల్. రబ్బరు పైపు మీద లోహపు మూతి నొక్కిన చోటు. గ్యాస్ కొట్టే వాల్వు లోపలి పిన్ను. ఈ మూడోది పదినిమిషాల పని, కానీ దాన్ని చూడకుండానే, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మార్చిన బిల్లులు చూశాను.

కంటికి దొరక్కపోతే నైట్రోజన్ పెట్టాలి. పొడి నైట్రోజన్ 150 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే పీడనం లెక్కే) దాకా నింపి, ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి చూస్తారు. అప్పుడూ తెలియకపోతే రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున గేజి చూడాలి. ఇక్కడ ఒక చిన్న లెక్కుంది. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో 150 పెట్టి, తెల్లవారి 28 డిగ్రీలప్పుడు చూస్తే ముల్లు ఒక 7 పీఎస్‌ఐ దిగి ఉంటుంది. అది చలికి వాయువు ముడుచుకోవడమే, లీకు కాదు. అంతకన్నా దిగితేనే వెతకండి. నైట్రోజన్ లేదని పక్కన వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ తగిలించే మహానుభావులున్నారు. ఆక్సిజన్‌కి ఆయిల్ తగిలితే పేలుతుంది. అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి. టైరు గాలి కొట్టే కంప్రెసర్ కూడా వద్దు, ఆ గాలితో పాటు తేమ లోపలికి పోతుంది.

ఇప్పుడు గ్యాస్ సంగతి. మీ బండికి 1991లో పెట్టింది ఆర్-12 అయి ఉంటుంది, అప్పట్లో కార్లకి అదే. ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని ఆపే పని మొదలైంది. మన దేశంలో 2003 నుంచి కొత్త కార్ల ఏసీల్లో నిలిచిపోయింది, 2010 నాటికి పూర్తిగా ముగిసింది. ఈరోజు ఎవరైనా ఆర్-12 అని సీసా చూపిస్తే అందులో ఏముందో నేను నమ్మను. కొన్నిట్లో ఉండేది వంటగ్యాస్ జాతిదే. చల్లగానే వస్తుంది, అదే దాని మాయ. కానీ మీది డ్యాష్ కింది ఏసీ, కూలింగ్ కాయిల్ ఉన్నది మీ మోకాళ్ల పక్కనే. అక్కడ లీకైతే మంటంటుకునే గ్యాస్ అద్దాలు మూసిన బండిలో నిండుతుంది, పక్కనే బ్లోయర్ మోటారు, స్విచ్చి నిప్పురవ్వలు. రెండుసార్లు కొట్టించిన గ్యాస్ ఏదో మీకు తెలియదు కాబట్టి, పని మొదలుపెట్టే మెకానిక్కుకి ఆ మాట ముందే చెప్పండి. దగ్గర్లో బీడీ వెలిగించకుండా ఉంటారు.

కాబట్టి దాని బదులు వచ్చిన కొత్త గ్యాస్ ఆర్-134ఎకి మారడమే దారి. అయితే మారడం అంటే పాతది వదిలేసి కొత్తది నింపడం కాదు. ఈ పాఠం నాకు 1998లో వచ్చింది. గుత్తి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు అంబాసిడర్ తెచ్చారు. ఆర్-12 ధర పెరుగుతోంది, కొత్త గ్యాస్ మంచిదంటున్నారు, నేనూ కుర్రాణ్ని. పాత గ్యాస్ తీసేసి ఆర్-134ఎ నింపి, పంపుతో లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ కూడా పావుగంటతో సరిపెట్టి పంపించాను. రెండు నెలలు బాగా నడిచింది. మూడో నెలలో కంప్రెసర్ బిగుసుకుపోయి, బెల్టు కాలిన వాసనతో బండి తాడు కట్టుకుని వచ్చింది. విప్పితే లోపల కాటుక లాంటి నల్లటి ముద్ద. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆ గ్యాస్‌లో కరిగి చుట్టూ తిరిగి కంప్రెసర్‌కి వచ్చేస్తుంది. ఆర్-134ఎలో అది కరగదు. కాయిల్ అడుగున, రేడియేటర్ ముందుండే కండెన్సర్ మడతల్లో నిలిచిపోతుంది, కంప్రెసర్ మాత్రం ఎండిపోతుంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "నేర్చుకున్నావా?" అన్నారంతే. కంప్రెసర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మీ బండిలో ఏది ఉంచాలి, ఏది పారేయాలి అంటే, బానెట్ ఎత్తి కంప్రెసర్ చూడండి. గుండ్రంగా, చుట్టూ ఐదు పిస్టన్లతో ఉండే సాండెన్ కంపెనీ ఎస్‌డీ-508 రకం అయితే అదృష్టమే. దాని సామర్థ్యం 138 సీసీ, అంబాసిడర్ పెద్ద క్యాబిన్‌కి సరిపోతుంది. క్లచ్ ముందుభాగాన్ని చేత్తో తిప్పితే మెత్తగా, ఒకే బరువుతో తిరగాలి. గరగరమంటే, ఎక్కడైనా పట్టేస్తే దాన్ని వదులుకోండి. మెత్తగా తిరిగితే విప్పించి, బోర్లించి పాత ఆయిల్ మొత్తం ఓ సీసాలోకి వంపండి. ఆ ఆయిల్ రంగే జాతకం చెప్తుంది. తేటగా ఉంటే షాఫ్ట్ సీల్ మార్చి అదే వాడుకోవచ్చు. వెండిపొడి కలిసినట్టు మెరుస్తుంటే లోపల అరిగింది. నల్లగా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. కొత్త ఆయిల్ ఎస్టర్ రకం పోయించండి, పాత దాని మరకలు అక్కడక్కడా మిగిలినా తట్టుకుంటుంది. ప్యాగ్ అనే ఇంకో రకం ఆయిల్ ఆ విషయంలో కాస్త పెంకి.

రబ్బరు పైపులన్నీ మార్చాల్సిందే, ఇక్కడ పొదుపు వద్దు. ఆర్-134ఎ అణువు చిన్నది, ముప్ఫై ఏళ్ల పాత రబ్బరులోంచి నెమ్మదిగా చెమటలా బయటికి వచ్చేస్తుంది. లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ అని అడగండి. జాయింట్లలో వేసే రబ్బరు ఉంగరాలు, ఓ-రింగులు, కొత్త గ్యాస్‌కి పనికొచ్చేవి, ఎక్కువగా ఆకుపచ్చవి దొరుకుతాయి. ఆయిల్ అద్ది బిగించాలి. గ్యాస్‌లో తేమ పీల్చే డబ్బా, డ్రయర్, తప్పకుండా కొత్తది, మూతలు చివరి నిమిషంలోనే తీయాలి. మూత తీసిన డ్రయర్‌ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద పెట్టి, తర్వాత బండికి బిగిస్తే అది గాలిలో తేమ అప్పటికే తాగేసి ఉంటుంది. కాయిల్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా ఆర్-134ఎకి తగ్గది మార్చేయండి, చిన్న ఖర్చు. కూలింగ్ కాయిల్‌ని కడిగి, నైట్రోజన్ పెట్టి చూసి, లీకు లేకపోతే అదే ఉంచుకోవచ్చు. ఆ రోజుల్లో కాయిళ్లు మందంగా చేసేవాళ్లు.

ఇక కండెన్సర్. లీకు ఆపాక కూడా చల్లదనం చాలకపోవడానికీ, ఘాట్‌లో ఇంజన్ వేడెక్కడానికీ ముడి ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, బండి లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది. పారబోసే చోటు కండెన్సర్. కడపలో మే నెల గాలి 43 డిగ్రీలుంటే, ఆ గాలికి వేడి అంటించాలంటే కండెన్సర్ 60, 65 డిగ్రీల్లో ఉండాలి. 60 డిగ్రీల దగ్గర ఆర్-12 పీడనం సుమారు 207 పీఎస్‌ఐ అయితే ఆర్-134ఎది సుమారు 230. వేడి పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే పాత కండెన్సర్‌తో కొత్త గ్యాస్ జనవరిలో బ్రహ్మాండంగా నడిచి ఏప్రిల్‌లో చతికిలబడుతుంది. ఒకే గొట్టం పాములా మెలికలు తిరిగే మీ పాత కండెన్సర్ తీసేసి, సన్నని పలక గొట్టాలు పక్కపక్కన ఉండే పారలల్ ఫ్లో రకం వేయించండి. రేడియేటర్ ముందు పట్టినంత పెద్దది. రెంటికీ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల సందు చాలు, అంచుల చుట్టూ ఫోమ్ అతికించాలి. లేకపోతే గాలి సుఖంగా పక్కసందుల్లోంచి పోతుంది, కండెన్సర్‌లోంచి ఎందుకు పోతుంది?

మన సీమ దుమ్ము కూడా ఒక్క రకం కాదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు తిరిగే బండ్ల కండెన్సర్లలో బండల పాలిష్ పొడి సిమెంటు పూసినట్టు పేరుకుంటుంది. ఊదితే పోదు, ప్రెషర్ లేకుండా మామూలు నీటితో నానబెట్టి వెనక నుంచి ముందుకి కడగాలి. ఆదోని వైపు బండ్లలో దూది పింజలు. ఒకసారి కర్నూలు నుంచి వచ్చిన బండిలో కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య నుంచి పరుపు ముక్కలా ఒకే పొర ఊడొచ్చింది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ తళతళలాడుతోంది. మెత్త అంతా వెనక ఉంది. మీరూ టార్చి వేసి ఆ సందులోకి చూడండి.

కండెన్సర్ ముందు కరెంటు ఫ్యాను లేకపోతే పెట్టించండి, ఉంటే తిరిగే దిక్కు చూడండి. నవ్వకండి. ఆ మధ్య ఒక అంబాసిడర్ వచ్చింది, హైవే మీద చల్లగా ఉంటుంది, టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వేడి గాలి. అప్పటికే రెండు షాపులు తిరిగింది. నేను ఫ్యాను వేయించి, గ్రిల్ ముందు ఒక పేపరు ముక్క పట్టాను. లోపలికి అతుక్కోవాల్సింది ఎగిరి నా ముఖాన పడింది. వైర్లు రెండూ తారుమారు. ఫ్యాను రేడియేటర్ వేడిని తెచ్చి కండెన్సర్ మీద ఊదుతోంది. రెండు నిమిషాల పని. ఎంత తీసుకోవాలో అర్థం కాక టీ డబ్బులు తీసుకున్నాను.

షాపుకి పోకముందు మీరే చేసుకోగల పరీక్ష ఇంకొకటి. ఏసీ వేసి బండిని నిలబెట్టి, ఇంజన్ కాస్త రేజ్‌లో ఉంచి, ఒక చెంబు నీళ్లు కండెన్సర్ మీద మెల్లగా పోయండి. లోపల గాలి ఒక్కసారిగా చల్లబడితే గ్యాస్ లోపం కాదు, వేడి పోవడం లేదు. నీళ్లు పోసినా మార్పు లేకపోతే గ్యాసో, కంప్రెసరో, వాల్వో చూడాలి. గ్యాస్ పూర్తిగా కారిపోయాక చేస్తే ఏమీ తెలియదనుకోండి.

ఘాట్ సంగతి. గువ్వలచెరువు ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇంజన్ మొత్తం బలం తీస్తుంటుంది, బండి వేగం లేదు కాబట్టి ఎదురుగాలీ లేదు, కండెన్సర్ వేడంతా పోయి రేడియేటర్ మీద పడుతుంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఇచ్చేదే యాభై హార్స్ పవర్ చిల్లర. అందులో కంప్రెసర్ నాలుగైదు తినేస్తుంది. కొత్త కండెన్సర్, ఫ్యాను సగం కష్టం తీరుస్తాయి. మిగతా సగం రేడియేటర్‌ది. మన బోరునీళ్లతో స్టీలు గిన్నెకే తెల్లటి పొర కడుతుంది, ముప్ఫై ఏళ్లు అవే నీళ్లు తాగిన రేడియేటర్ గొట్టాల సంగతి మీరే ఊహించుకోండి. పాత ఇత్తడి రేడియేటర్ కాబట్టి పైట్యాంకు విప్పించి గొట్టాలు దూయించవచ్చు. బాగా పాడైతే కోరు మార్పించండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ మాత్రమే పోయండి. క్యాప్ రబ్బరు, థర్మోస్టాట్, ఫ్యాన్‌బెల్టు ఎలాగూ చూస్తారు. ఇంజన్ ఫ్యాను చుట్టూ ఉండే రేకు కవచం ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటే అది మళ్లీ పెట్టించండి. చాలా బండ్లలో ఉండదు, అడిగితే "అడ్డమని తీసేసినాం సార్" అంటారు.

ఘాట్ మధ్యలో బండి దగ్గి ఆగిపోతే అది వేరే జబ్బు. పెట్రోల్ పంపు వేడెక్కి లోపలి పెట్రోల్ ఆవిరైపోతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేది అందుకే. (మన మెకానిక్కులు ఆ పెట్రోల్ పంపునే ఏసీ పంపు అంటారు. "ఏసీ పంపు పోయింది" అంటే ఏసీ పోయిందనుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.) ఏసీ పెట్టిన బండికి ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే బానెట్ కింద గాలి ఇంకా వేడిగా ఉంటుంది. పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్ దగ్గర నుంచి దూరంగా మళ్లించి, పంపుకీ ఇంజన్ వేడికీ మధ్య చిన్న రేకు అడ్డం పెట్టించండి.

కరెంటు లెక్క చాలామంది వదిలేస్తారు. బ్లోయర్ ఫుల్లు మీద పది పన్నెండు ఆంపియర్లు, కండెన్సర్ ఫ్యాను ఎనిమిది పది, కంప్రెసర్ క్లచ్ నాలుగు, రాత్రయితే హెడ్‌లైట్లు ఇంకో పది, ఇగ్నిషన్ మూడు నాలుగు. నలభై అయింది. మీ బండిలో కరెంటు పుట్టించేది పాతకాలపు డైనమో అయితే పాతిక ఆంపియర్లు కూడా పూర్తిగా ఇవ్వదు, బండి నిలబడి ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి హైవే మీద ఏసీతో రెండు గంటలు పోయి, డోన్‌లో టీకి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. దాని బదులు 55 ఆంపియర్లు, అంతకన్నా ఎక్కువ ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించండి. పెట్టేముందు బ్యాటరీ ఏ కొస బాడీకి ఎర్త్ అయిందో చూడమనండి. పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉన్నవీ ఉంటాయి, చూడకుండా తగిలిస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు క్షణంలో పోతాయి. ఫ్యానుకి, బ్లోయర్‌కి విడివిడిగా రిలే, ఫ్యూజు ఉండాలి. పాత ఏసీ స్విచ్చిలోంచే కరెంటంతా పోతుంటే ఆ స్విచ్చి మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటుంది. మీ పాత ఫిట్టింగులో ప్రెషర్ స్విచ్ ఉండి ఉండదు. కొత్త డ్రయర్ మీదే ఒకటి పెట్టించండి. గ్యాస్ అయిపోయినా, పీడనం హద్దు దాటినా క్లచ్ కరెంటు ఆపేస్తుంది. 

ఏసీ వేయగానే బండి వణికి ఆగిపోతుంటే కార్బురేటర్‌కి ఐడిల్ అప్, అంటే ఏసీ వేసినప్పుడు మాత్రమే ఇంజన్ వేగం కాస్త పెంచేది, పెట్టించుకోవాలి. ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేస్తే ఏసీ లేనప్పుడు బండి అరుస్తుంది. కంప్రెసర్ బ్రాకెట్ కూడా ఓసారి కుదిపి చూడండి. పాత వెల్డింగ్ పగిలిన బ్రాకెట్ బెల్టుల్ని వరసగా తింటుంది, మనం బెల్టు కంపెనీని తిడుతుంటాం. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి.

ఇంతా అయ్యాక గ్యాస్. ముందు వాక్యూమ్, కనీసం ముప్పావుగంట. పాత బండికి నేను గంటన్నర వదిలేస్తాను. లోపల మిగిలిన తేమ ఆవిరై బయటికి రావడానికి ఆ సమయం కావాలి, పంపు ముల్లు చివరికి చేరిందని ఆపేయకూడదు. ఇంకో మాట, పుస్తకాల్లో వాక్యూమ్ గేజి ముప్ఫై అంగుళాల (పాదరసం లెక్క) దాకా పోవాలని రాస్తారు, అది సముద్రమట్టం లెక్క. అనంతపురం ఎత్తు సుమారు 335 మీటర్లు, ఇక్కడ ఎంత మంచి పంపయినా 28.7 దగ్గర ఆగుతుంది. కర్నూలులో 29కి కాస్త దగ్గరగా పోతుంది, మీ కడప ఇంకా కిందికి కాబట్టి 29 దాటుతుంది. పంపు ఆపాక అరగంట ముల్లు కదలకుండా ఉంటేనే గ్యాస్ ఎక్కించాలి.

ఎంత గ్యాస్ అన్నది మీ బండికి ఎక్కడా రాసి ఉండదు, బయట బిగించిన కిట్టు కదా. ఆర్-12 ఎంత పట్టేదో తెలిస్తే బరువులో దానికి 80 శాతంతో మొదలుపెట్టి గేజిలు చూస్తూ పోవాలి. డ్రయర్ మీది చిన్న అద్దంలో బుడగలు పూర్తిగా పోయేదాకా నింపడం ఆర్-12 నాటి అలవాటు. ఆర్-134ఎకి అలా చేస్తే ఎక్కువైపోతుంది. అక్కడక్కడా ఒకటి రెండు బుడగలు పోతుండగానే ఆపాలి. బయట 42 డిగ్రీలప్పుడు, ఇంజన్ నిమిషానికి 1500 చుట్ల వేగంలో, కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే లో-సైడ్ 35 నుంచి 50, బయటికి పోయే హై-సైడ్ 230 నుంచి 290 పీఎస్‌ఐ మధ్య ఉంటే నేను సంతోషంగా గేజిలు విప్పేస్తాను. రెండూ ఎక్కువుంటే గ్యాస్ ఎక్కువైందో, కండెన్సర్‌కి గాలి చాలలేదో. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ. లో ఎక్కువ, హై తక్కువ, అంటే రెండు ముళ్లూ దగ్గర దగ్గరికి వస్తే కంప్రెసర్ అరిగింది. చేత్తో చూసినా తెలుస్తుంది. లావు పైపు చల్లగా చెమట పట్టాలి, సన్న పైపు వెచ్చగా ఉండాలి. సన్న పైపు మధ్యలో ఎక్కడైనా హఠాత్తుగా చల్లబడిందంటే అక్కడ అడ్డు పడింది. పని అయ్యాక హై-సైడ్, లో-సైడ్ రెండింటికీ కొత్త రకం మూతులు బిగించి, ఏ గ్యాసు, ఏ ఆయిలు, ఎంత, ఏ తేదీ అని బానెట్ లోపల స్టిక్కర్ అంటించమనండి. తర్వాత ఎవడో వచ్చి వేరే గ్యాస్ కలపకుండా ఉంటాడు.

బండి డబ్బా గురించి రెండు ముక్కలు. బ్రేక్, క్లచ్ పెడళ్ల దగ్గర నేల రేకులో కన్నాలు, వైర్లు పోయే చోట ఊడిన రబ్బర్లు, ముందు తలుపుల చిన్న తిప్పుడు అద్దాల సందులు, ఇవన్నీ మూయించకపోతే నాలుగు టన్నుల ఏసీ పెట్టినా వృథా. రాత్రి బండి లోపల టార్చి వెలిగించి బయట నుంచి చూస్తే ఎక్కడెక్కడ వెలుతురు వస్తుందో తెలుస్తుంది. ఇంజన్‌కీ మనకీ మధ్య రేకుకి, టాపు లోపల గుడ్డకి ఇన్సులేషన్ షీటు వేయించండి. అద్దాలకి నల్ల ఫిల్ము మాత్రం వద్దు, 2012 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అది జరిమానా వ్యవహారం. కాయిల్ పెట్టె నుంచి నీళ్లు పోయే సన్న గొట్టం ఎప్పుడైనా మూసుకుంటే, పక్కన కూర్చున్నవారి పాదం మీద చల్లటి నీళ్లు పడతాయి. మన ఊళ్లలో దానికి కారణం చాలావరకు కందిరీగ. బండి నెల రోజులు కదలకపోతే ఆ గొట్టంలో మట్టిగూడు కడుతుంది. సైకిల్ స్పోకు పెట్టి పొడిస్తే చాలు.

మన గాలి పొడిది కావడం ఒక్క లాభం. సముద్రం వైపు ఊళ్లలో ఏసీ బలంలో చాలా భాగం గాలిలో తేమను నీళ్లు చేయడానికే పోతుంది. ఇక్కడ ఆ బరువు తక్కువ. పని సరిగా జరిగితే బయట 42 ఉన్నా లోపల మూతి దగ్గర 10, 12 డిగ్రీల గాలి వస్తుంది. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు బిగించకండి. రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపి, లోపలి నిప్పులాంటి గాలి పోయాక మూయండి.

అంతా పీకేసి మారుతి ఏసీ ఎక్కించడం గురించి. నేనైతే చేయను. మారుతి 800 కాయిల్ ఆ చిన్న డబ్బాకి లెక్కకట్టి చేసింది, అంబాసిడర్ వెనక సీట్లో కూర్చున్న అమ్మగారికి దాని గాలి చేరదు. డ్యాష్‌బోర్డు కోయాల్సి వస్తుంది, కోసింది మళ్లీ అతకదు. మీ డ్యాష్ కింది పెట్టె పాతదే కావచ్చు, ఆ బండికి ఆ కాలంలో పెట్టిందే. బ్లోయర్ మోటారు మార్చి, పెట్టె కడిగి, అదే ఉంచండి. ఫియట్ పద్మిని ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట, మీ 1089 సీసీ ఇంజన్‌కి 508 కంప్రెసర్ బరువు. 87 సీసీ ఎస్‌డీ-505 లాంటి చిన్నది చూసుకోండి.

ఖర్చు ఎంతని అడిగారు. ధరలు రాయను, రాసిన నెలకే మారిపోతాయి. కండెన్సర్, పైపులు, ఆల్టర్నేటర్, ఈ మూడింటికే సగానికి పైగా పోతుంది. ఒకేసారి పెట్టలేకపోతే ముందు రేడియేటర్, ఆల్టర్నేటర్ పనులు చేయించుకోండి, అవి ఏసీ లేకపోయినా బండికి మంచివే. ఏసీ పైపులు విప్పే పని మాత్రం అన్ని సామాన్లూ చేతికొచ్చాకే. సగం విప్పిన సిస్టమ్‌ని మూతులు మూయకుండా వారం వదిలేస్తే తేమ, దుమ్ము రెండూ చేరతాయి. బాగయ్యాక చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి, షాఫ్ట్ సీల్‌కి ఆయిల్ తగులుతుంటుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇది. రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు కంప్రెసర్ మీది రేకు ఫోటో, రేడియేటర్ ముందు ఖాళీ పొడవు వెడల్పులు, డైనమోనా ఆల్టర్నేటరా, బ్యాటరీ ఎర్త్ ఏ కొస, ఈ నాలుగూ ఇక్కడ పెట్టండి. ఫ్యాను ఉంటే ఆ పేపరు పరీక్ష కూడా చేసి, పేపరు అతుక్కుందో ఎగిరిందో రాయండి. ఏ కొలత కండెన్సర్ అడగాలో అప్పుడు చెప్తాను.